సాక్షి అన్న మాట, దొర రాసుకున్న మాట

ఇరవై ఎనిమిదేళ్ళు నేను ఇతరుల మాటలు మాట్లాడి జీతం తీసుకున్నాను. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెప్పినదాన్ని జడ్జికి ఇంగ్లీషులో చెప్పడం, జడ్జి అడిగినదాన్ని సాక్షికి తెలుగులో చెప్పడం, ఇదే నా పని. కడప, కర్నూలు జిల్లాల్లో నాలుగైదు కోర్టుల్లో చేశాను. ఇప్పుడు పని విరమించుకొని మైదుకూరులో ఉంటున్నాను. ఈమధ్య ఈ ఉద్యోగానికి కొత్తగా ఎంపికైన ఇద్దరు వచ్చి, ఏ నిఘంటువు కొనుక్కోవాలో చెప్పమని అడిగారు. నిఘంటువు పేరు చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళిన తరువాత, అసలు చెప్పవలసింది చెప్పలేదనిపించి ఇది రాస్తున్నాను.

ఈ పనిలో నిఘంటువుకు దొరకని మాటలతో పెద్దగా చిక్కు లేదు. కూర, కడుపు, దీపం, కాలు, పొయ్యి, అందరికీ తెలిసిన ఇటువంటి మాటలతోనే చిక్కు. సాక్షి ఆ మాటను ఉన్నదున్నట్టు అన్నాడా, మరొకదాన్ని మనసులో పెట్టుకొని అన్నాడా అన్నది తెలుసుకోవాలి. తెలుసుకోవడానికి మనకు ఒక్క నిమిషం కూడా ఇవ్వరు. తప్పితే నష్టం మనకు కాదు, బోనులో ఉన్నవాళ్ళకు.

ఏ కేసు ఏ ఊరి కోర్టులో జరిగిందో చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. వాళ్ళ మాటలు మాత్రం నాకు గుర్తున్నంతవరకు మార్చలేదు.

మార్తమ్మ

మొదటి జర్మనీ యుద్ధానికి కొంచెం ముందు నేను ఉద్యోగంలో చేరాను. మాది దూదేకుల కుటుంబం. మా నాన్న ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టేవాడు. పేరుకు సాయిబులమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. మిషన్ బడిలో నాకు ఇంగ్లీషు అబ్బింది. ఆ రెండు భాషలూ ఉంటే చాలుననుకొని వచ్చాను.

మొదట నేను పనిచేసింది ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన ఒక దొర మేజిస్ట్రేటు దగ్గర. చిన్న వయసు, తెలుగు రాదు, ఎవరినీ నమ్మేవాడు కాదు. మొదటిరోజే నన్ను పిలిచి, నువ్వు ఒక గొట్టానివి, ఈ కొసలో పోసింది ఆ కొసలో రావాలి, మధ్యలో నీ సొంత నీళ్ళు కలపకూడదు అన్నాడు. మనిషిని గొట్టమనడం కూడా ఒక రూపకమేనని అప్పుడు నాకు తోచలేదు. అలాగేనని వంగి సలాం చేశాను.

మార్తమ్మ బద్వేలు అవతలి పల్లెకు చెందిన కిరస్తానీ ఆడమనిషి. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. ఒక ఆసామి చేను కౌలుకు తీసుకొని కొర్ర వేసింది. పంట కోతకు వచ్చే సమయానికి ఆసామి ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని వచ్చి ఆమెను చేనిలోనుంచి వెళ్ళగొట్టాడు. బెదిరించి తరిమాడని ఆమె ఫిర్యాదు. ఆమెకు వకీలు లేడు. ఆసామికి ఉన్నాడు.

ఆసామి ఏం చేశాడని దొర అడగమన్నాడు. అడిగాను.

“నా కడుపు కొట్టినాడు సామీ. నా బిడ్డల కడుపు కొట్టినాడు” అంది.

నాకు అర్థం కాక కాదు. తిండి తీసేశాడు, బతుకుతెరువు లేకుండా చేశాడు అని ఆమె అంటున్నది. మా అమ్మ కూడా అలాగే అనేది. కాని నేను గొట్టాన్ని కదా. అతను నా పొట్ట మీద కొట్టాడు, నా పిల్లల పొట్ట మీద కొట్టాడు అని ఇంగ్లీషులో చెప్పాను. దొర తలెత్తి, చేత్తో కొట్టాడా కర్రతో కొట్టాడా అని అడిగాడు. ఆ ప్రశ్ననూ తెలుగులో పెట్టాను. మార్తమ్మ నా మొహం చూసింది.

“దేంతో కొడితే ఏముండాది సాయిబన్నా. కొట్టినాడు.”

ఎక్కడ తగిలిందని దొర అడిగాడు. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. దొర అది కూడా రాసుకున్నాడు.

ఆసామి వకీలు తెలుగువాడే. ఆ మాటకు అర్థం ఆయనకు నాకంటె బాగా తెలుసు. లేచి, ఫిర్యాదులో దెబ్బ మాటే లేదనీ, డాక్టరు సర్టిఫికెట్టు లేదనీ, దెబ్బలు తిన్న పిల్లలను ఎందుకు తేలేదనీ అన్నాడు. ఇక్కడికి వచ్చి కొత్తగా అబద్ధం కల్పించింది అని దొర కేసు కొట్టేశాడు. కొర్ర ఆసామి కోయించుకున్నాడు.

ఆ సాయంత్రం శిరస్తదారు, అంటే కచేరీలో పెద్ద గుమాస్తా, నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ఇంకో ఏడాదిలో పని విరమించుకోబోతున్న పెద్దాయన.

“ఏమప్పా హుసేనప్పా, ఆ యమ్మ మాటలన్నీ చెప్పినావు. ఆ యమ్మ చెప్పింది మాత్రం చెప్పల్యా” అన్నాడు.

దొర గొట్టంగా ఉండమన్నాడని అన్నాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. నిజమేమంటే, దొర అన్నదానికంటె నా భయం పెద్దది. తిడతాడేమోనని భయపడి ఊరుకున్నాను. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు తెలియక చెయ్యరు, తెలిసే చేస్తారు.

ఆదివారాలు

మాకు బడిలో తెలుగు చెప్పిన పండితులు అప్పటికి రాజంపేటలో స్థిరపడ్డారు. ఉపమ, రూపకం, అతిశయోక్తి అని బడిలో ఆయన చెప్పినప్పుడు అవి పద్యాల్లో ఉండే వస్తువులనుకున్నాను. పద్యం చదవని మార్తమ్మ నోట అదే వచ్చేటప్పటికి మళ్ళీ ఆయన దగ్గరికి పోవాలనిపించింది. సాక్షులన్న మాటలు ఒక నోటుబుక్కులో రాసుకొని, వీలైన ఆదివారమల్లా పోయేవాణ్ణి. మొదట ఆయన నవ్వారు. సంతలో వంకాయలమ్మేవాడికి అలంకారశాస్త్రమేమిటి నాయనా అన్నారు. రెండు పుటలు చదివిన తరువాత నవ్వు మానేశారు.

పోలిక అన్నిటికంటె మర్యాద గలది. బిళ్ళబంట్రోతు మాదిరి తన బిళ్ళ తగిలించుకొని వస్తుంది. మాదిరి, లెక్క, లాగా అని వింటే చాలు, పట్టుకోవచ్చు. ఇంతవరకు నాకూ తెలుసు. కాని నా పుస్తకంలో రెండు వాక్యాలు పక్కపక్కన ఉన్నాయి. ఒక సాక్షి “పులి మాదిరి మీద పడినాడు” అన్నాడు. ఇంకొకడు “తాగినోని మాదిరి తూలుతా వచ్చినాడు” అన్నాడు. రెంటినీ నేను ఒకే వరసలో రాసుకున్నాను. పండితులు రెండోదాన్ని కొట్టేశారు.

“వాడు పులి కాలేడు. తాగి ఉండొచ్చు గదా. ఇది అలంకారం కాదు నాయనా, కండ్లతో చూసి ఊహించింది. దొర రాసుకోవాల్సింది దీన్నే” అన్నారు.

రూపకం బిళ్ళ తీసేసి మఫ్టీలో వస్తుంది. “వాడు మా ఇంట్లో పాము” అంటాడు సాక్షి. పాము అన్న మాట చుట్టూ ఏ గుర్తూ ఉండదు. నిజమైన పామైతే మన ఊళ్ళలో ఆ పేరే ఎత్తరు, పురుగు అంటారు. “పురుగు ముట్టి సచ్చిపాయ” అంటే పాము కరిచి చనిపోయాడని. ఒక కేసులో డాక్టరు పాముకాటని రాస్తే, సాక్షి పురుగన్నాడని ఇద్దరిలో ఎవరిది అబద్ధమో తేల్చడానికి అరపూట పట్టింది. ఇద్దరూ నిజమే చెప్పారు.

చెడ్డమాట నోట పలకకూడదని మనవాళ్ళు వేరే మాట కప్పుతారు. ఆ కప్పిన మాట ఒక్కొక్కసారి పూర్తిగా ఎదురు అర్థంతో ఉంటుంది. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఇంట్లో గింజలు అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. నా తోటి ఉద్యోగి ఒకతను అరవదేశం నుంచి వచ్చినవాడు, పుస్తకాల మీద తెలుగు నేర్చినవాడు, మంచివాడు. జొన్నపాతర తవ్వి గింజలు దొంగిలించాడన్న నేరం మీద వచ్చిన ఒక మనిషి, ఆ ఊళ్ళో నీకేం పని అని అడిగితే, “మా ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి సామీ, కూలికి పోతి” అన్నాడు. నా మిత్రుడు, మా ఇల్లు జొన్నలతో నిండి ఉంది అని ఇంగ్లీషు చేశాడు. నిండిన ఇల్లున్నవాడు కూలికెందుకు పోయాడు, ఇంట్లోకి ఆ జొన్నలెక్కడివి అని మేజిస్ట్రేటు రెండూ అడిగాడు. అప్పీలులో ఆ మాట సరిదిద్దేటప్పటికి ఆ మనిషి నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

అతిశయోక్తి వస్తే ప్లీడర్లకు పండగ. “నూరుసార్లు చెప్పినా ఇనల్యా” అంటే, నూరు ఎలా లెక్కపెట్టావని నిలదీస్తారు. “ఊరంతా చూసింది” అంటే ఊరివాళ్ళ జాబితా ఇమ్మంటారు. ఇక్కడ నేను నేర్చుకున్న కిటుకు ఒకటుంది. ఆ సంఖ్యను కొంచెం మార్చి సాక్షిని అడిగితే తెలిసిపోతుంది. నూరుసార్లా, తొంభైసార్లా అంటే నవ్వుతాడు. నూరు గొర్రెలా, తొంభై గొర్రెలా అంటే నవ్వడు, లెక్క చెబుతాడు. అయితే అలా అడగడానికి జడ్జి ఒప్పుకోవాలి.

“మూడు దినాలు మా ఇంట్లో పొయ్యి రాజల్యా” అన్న వాక్యం దగ్గర మేము ఒక ఆదివారమంతా ఆగాము. పొయ్యి వెలగలేదన్నది అక్షరాలా నిజమే. కాని చెప్పదలిచింది పొయ్యి సంగతి కాదు. పస్తున్నారని కావచ్చు, చావు జరిగిందని కావచ్చు. పండితులు దీనికి శాస్త్రంలో ఏవో పేర్లు చెప్పారు. నాకు పనికి వచ్చింది ఆయన అడిగిన ప్రశ్న. ఆ పొయ్యిని ఎవరైనా పోయి చూస్తే చల్లగా ఉంటుందా, ఉండదా? ఉంటుంది. అయితే మొదట అక్షరాలా చెప్పు, తరువాత దాని వెనక ఏముందో చెప్పు అన్నారు.

ఆయన కూడా మందు చెప్పలేకపోయింది ఎత్తిపొడుపుకు. ఒక కొట్లాట కేసులో, ముద్దాయి చేతిలో గొడ్డలి ఉందా అని అడిగితే, దెబ్బలు తిన్నవాడు నెమ్మదిగా “లేదు సామీ, పూలదండ తెచ్చినాడు” అన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు, దొర తప్ప. ఆయన పూలదండ అని రాసుకున్నాడు. తెలుగు రాని పై జడ్జి ఆ కాగితం చదివి, ముద్దాయి స్నేహభావంతోనే వెళ్ళినట్టు సాక్షే ఒప్పుకున్నాడని తీర్పులో ఎత్తి చూపించాడు. గొంతులో ఉన్నది కాగితం మీదికి రాదు. అటువంటప్పుడు, సాక్షి వెటకారంగా అంటున్నాడని మీరే నోరు తెరిచి చెప్పాలి. ఎవరు కోప్పడినా సరే.

వెంకటప్ప కాలు

ఇంత నేర్చుకున్న తరువాత నాకు కొంచెం గర్వం వచ్చింది. అదే సమయంలో నాకు రెండో రకం దొర దొరికాడు. ఈయనకు ఓపిక తక్కువ. సాక్షి వర్ణనలు నాకు వద్దు, సారం చెప్పు చాలు అనేవాడు. నాకు అది గౌరవంగా తోచింది. సాక్షి ఐదు వాక్యాలు చెబితే నేను ఒకటి చెప్పేవాణ్ణి.

వెంకటప్ప అనే రైతు, పక్క చేనివాడి వల్ల తనకు ప్రాణభయముందనీ, వాడి దగ్గర శాంతికి జామీను, అంటే గొడవ చెయ్యనని పూచీ, రాయించుకోవాలనీ దరఖాస్తు పెట్టుకున్నాడు. గట్టు తగాదా. వాడు ఏమన్నాడని అడిగితే, “కాళ్ళు ఇరగ్గొడతా అన్న్యాడు సామీ” అన్నాడు. మా ఇంట్లో మా నాన్న నన్ను ఆ మాట అనని వారం లేదు. అది ఉత్త అతిశయోక్తి అనుకున్నాను. గట్టిగా మందలించాడు అని దొరకు చెప్పాను. మందలింపుకు జామీను ఎందుకని దొర దరఖాస్తు తోసేశాడు.

ఆ వేసవి దాటకముందే పక్క చేనివాడు రోకలితో వెంకటప్ప కుడికాలు విరగ్గొట్టాడు.

ఆ కేసు అదే కోర్టుకు వచ్చింది. వెంకటప్ప చంకలో కర్ర పెట్టుకొని బోనెక్కాడు. మెట్టు ఎక్కలేకపోతే బంట్రోతు పట్టుకున్నాడు. నేను ప్రమాణం చేయించాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. తన దరఖాస్తు ఎందుకు పోయిందో ఆయనకు తెలియదు. నాకూ, ఆ ఫైలుకూ తప్ప ఎవరికీ తెలియదు.

తరువాత నేను నోటుబుక్కు తీసి చూసుకున్నాను. ఆ రోజు వెంకటప్ప ఇంకో మాట కూడా అన్నాడు. వాడు ఆ మాట అనేటప్పుడు అరవలేదనీ, బీడీ ముట్టించుకుంటూ అన్నాడనీ చెప్పాడు. దాన్ని నేను వర్ణన అనుకొని వదిలేశాను. అరిచి అన్నవాడు వేరు, బీడీ ముట్టించుకుంటూ అన్నవాడు వేరు. మా నాన్న ఎప్పుడూ అరిచే అనేవాడు.

మార్తమ్మ దగ్గర అలంకారాన్ని అక్షరాలా తీసుకున్నాను. వెంకటప్ప దగ్గర అక్షరాలా అన్నదాన్ని అలంకారం చేశాను. రెండోది ఎక్కువ తప్పు. మొదటిదానికి భయం కారణం. రెండోదానికి, నాకంతా తెలుసుననుకోవడం కారణం. ఆ తరువాత నేను ఎవరి మాటనూ కుదించలేదు. ఓపిక లేని దొర అయితే నిట్టూర్చేవాడు. నిట్టూర్చనిచ్చాను.

సుంకమ్మ

యుద్ధం ముగిసి, విషజ్వరాలు వచ్చి పోయిన కొన్నేళ్ళకు, నేను సెషన్సు కోర్టులో ఉన్నప్పుడు సుంకమ్మ కేసు వచ్చింది. ఖూనీ నేరం.

సుంకమ్మ భర్త నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. అతనికి ఈమె రెండో భార్య. మొదటి భార్యకు పుట్టిన లచ్చుమి అనే పిల్లను మూడేళ్ళప్పటినుంచి ఈమే పెంచింది. ఏడేళ్ళ వయసులో ఆ పిల్ల ఊరి దిగుడుబావిలో పడి చనిపోయింది. సవతితల్లి తోసేసిందని పిల్ల మేనమామ ఫిర్యాదు. తోస్తుండగా చూసినవాళ్ళు లేరు. శవం పైకి తీసినప్పుడు బావి గట్టున సుంకమ్మ అరిచిన ఒక వాక్యమే ముఖ్యమైన సాక్ష్యం. గ్రామ మునసబు విన్నాడు. పోలీసు కాగితంలో దాని ఇంగ్లీషు, నా బిడ్డను నా సొంత చేతులతో నేనే చంపాను, అని ఉంది.

ఆమె తరఫు వకీలు పట్నవాసం మనిషి. ఆ మాట అంటే ఉరే గతి అని తలచి, ఆమె అసలు అనలేదనీ, మునసబు అబద్ధమాడుతున్నాడనీ వాదన ఎత్తుకున్నాడు. ఇది నాకు మునసబును చూడగానే దిగులు కలిగించింది. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. ముసలాయన, చేతులు కట్టుకొని, విన్నది విన్నట్టు చెప్పాడు.

“నా బిడ్డను నా చేతులారా నేనే సంపుకుంటినే, అని తల బాదుకున్న్యాది సామీ.”

దాన్ని నేను అక్షరాలా ఇంగ్లీషు చేశాను. జడ్జి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన పెద్ద వయసు దొర, ఒక చెవి సరిగ్గా వినపడదు, నెమ్మదిగా రాస్తాడు. ఆయన కలం ఆగేదాకా ఉండి, అనుమతి ఇస్తే ఈ మాటకు ఈ ప్రాంతంలో ఇంకొక వాడుక కూడా ఉందని మనవి చేస్తానన్నాను.

పబ్లిక్ ప్రాసిక్యూటరు లేచాడు. తర్జుమా చేసేవాడు సాక్ష్యం చెప్పకూడదన్నాడు. అది న్యాయమే. జడ్జి, అయితే సాక్షిగానే చెప్పనివ్వండి అని, నన్ను బల్ల దగ్గరనుంచి లేచి బోనులోకి వెళ్ళమన్నాడు. అన్నేళ్ళుగా వందలమంది చేత చేయించిన ప్రమాణం ఆ రోజు నేను చేశాను. బోనులోనుంచి చూస్తే జడ్జి చాలా ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాడని అప్పుడే తెలిసింది.

వండాడు అన్నా, వండుకున్నాడు అన్నా ఇంగ్లీషులో తేడా చూపించడం కష్టమనీ, చంపాను వేరు, చంపుకున్నాను వేరనీ చెప్పాను. చంపుకున్నాను అనడంలో పోయింది తన సొంతం, నష్టం తనకే అన్న అర్థం ఉంటుంది. పగవాణ్ణి చంపినవాడు ఎవడూ ఆ మాట వాడడు. చెయ్యి వెయ్యకపోయినా, తన పొరపాటు వల్ల పోయారనుకున్నవాళ్ళు ఆ మాట అని ఏడుస్తారు.

చంపనివాళ్ళు అలా అనగా నీ చెవులతో విన్నావా అని జడ్జి అడిగాడు.

విన్నాను. చెప్పక తప్పలేదు. నా చిన్నప్పుడు నా చెల్లెలు జ్వరంతో పోయింది. మా అమ్మ, నా బిడ్డను నేనే సంపుకుంటి అని వారం రోజులు ఏడ్చింది. అప్పటికి మా అమ్మ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో కూడా ఎన్నడూ ఎత్తని ఆ సంగతి, నిండు కోర్టులో, ఇంగ్లీషులో చెప్పాను.

ప్రాసిక్యూటరు నన్ను ప్రశ్నించాడు. గట్టివాడు, అనవసరంగా ఒక్క మాట వాడడు.

“మీ తల్లి ఏమీ చెయ్యకుండానే ఆ మాట అన్నదా?”

“వైద్యుడు వద్దన్నా, పిల్ల ఏడిస్తే మజ్జిగ పోసింది.”

“మజ్జిగ వల్లనే పోయిందా?”

“తెలియదు. ఆమె అలా నమ్మింది.”

“సొంత బిడ్డను నిజంగానే చంపి, తరువాత పశ్చాత్తాపపడే తల్లి ఏమని ఏడుస్తుంది?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వచ్చిన తరువాత అటూ ఇటూ చూశాను. సుంకమ్మ నేల మీద కూర్చొని ఉంది. ఆమెకు మా ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియదు.

“అదే మాట అని ఏడుస్తుంది” అన్నాను.

ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. కేసు చెడగొట్టాననుకున్నాను. ఆమె వకీలు కూడా అలాగే అనుకున్నట్టు మొహం పెట్టాడు. కాని ప్రమాణం చేసి చెప్పవలసింది అదే. ఒక్క వాక్యాన్ని విడిగా పట్టుకొని అది అలంకారమో కాదో చెప్పడం నా వల్ల కాదు. పండితులవారి వల్ల కూడా కాదు.

జడ్జి కలం కింద పెట్టాడు. అయితే ప్రతిసారీ ఆ మాట వెనక ఏదో ఒక పని ఉంటుందన్నమాట, అది మజ్జిగ కావచ్చు, తొయ్యడం కావచ్చు అన్నాడు. నన్ను మళ్ళీ బల్ల దగ్గరికి పొమ్మని, మునసబును వెనక్కి పిలిపించాడు. ఆ వాక్యం తరువాత ఆమె ఇంకేమైనా అన్నదా అని అడగమన్నాడు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ప్రాసిక్యూటరుకు మొదటి వాక్యం చాలు. వకీలుకు అసలు ఏ వాక్యమూ ఉండకూడదు.

మునసబు వెంటనే చెప్పాడు.

“అన్న్యాది సామీ. నీళ్ళకు నేనే పంపిస్తినే, మెట్లకు పాచి పట్టిందని తెలిసి గూడా పంపిస్తినే, అన్న్యాది.”

ఇది ముందెందుకు చెప్పలేదని జడ్జి అడిగాడు. రిపోర్టు రాసిన పోలీసాయన మొదటి మాట చాలన్నాడనీ, కోర్టులో ఎవరూ అడగలేదనీ అన్నాడు. పాచి సంగతి అడిగితే, ఉంది, తరువాత తానే మనుషులను పెట్టి గీకించానన్నాడు.

ఆ కాలంలో ఖూనీ కేసుల్లో జడ్జి పక్కన నలుగురు అసెసర్లు, అంటే సలహా చెప్పే ఊరి పెద్దలు, కూర్చునేవారు. నలుగురూ నేరం లేదన్నారు. మరునాడు జడ్జి సుంకమ్మను వదిలేశాడు. తర్జుమాదారులు అడగనిదే అర్థాలు చెప్పకూడదని కొన్నాళ్ళకు నాకు ఒక హెచ్చరిక వచ్చింది. ఆ తరువాత కూడా ఎవరూ అడగకుండానే నేను చెప్పాను. మీరు కూడా చెప్పండి. అన్న మాట ముందు, అర్థం తరువాత. రెంటినీ కలపకండి, ఒకదాని కోసం ఇంకొకదాన్ని పారెయ్యకండి. ఏది నిజమో మీకు తెలియకపోతే తెలియదనండి.

విడుదలైన రోజు సుంకమ్మ కోర్టు గోడ నీడన కూర్చొని ఉంది. ఆమె తమ్ముడు బండికి ఎద్దులను కడుతున్నాడు. నేను అటుగా పోతుంటే పిలిచింది. ఆ దొరకు తన గురించి ఏం చెప్పానని అడిగింది. నువ్వు చంపినావని కాదు, దుఃఖంతో అలా అన్నావని చెప్పానన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“దుక్కానికి కాదు సాయిబూ. ఆ పొద్దు నేను పోవాల్సింది. రొట్టెలు కాలుస్తాండానని దాన్ని పంపిస్తి. పాచి ఉండాదని నాకు తెలుసు, దానికి తెలీదు. సంపుకుంటి అంటే సంపుకుంటినే. దాంట్లో ఇంకో మాట లేదు.”

తమ్ముడు పిలిచాడు. ఆమె లేచి, చీర దులుపుకొని బండెక్కింది.

ఆ మాటను ఇంగ్లీషులో చెప్పమని అక్కడ అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అడిగి ఉంటే, పోలీసు కాగితంలో ఉన్న ఇంగ్లీషే నేనూ చెప్పి ఉండేవాణ్ణి.